ఓఎస్ఐ నమూనా

కంప్యూటర్ల మధ్య సమాచార ప్రసారాన్ని ఏడు పొరలుగా విభజించి వివరించే ప్రామాణిక చట్రాన్ని ఓఎస్ఐ నమూనా అంటారు. దీని పూర్తి పేరు ఓపెన్ సిస్టమ్స్ ఇంటర్‌కనెక్షన్. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 1984లో దీనిని ఐఎస్ఓ 7498 అనే సంఖ్యతో ప్రచురించింది. ఈ నమూనాను అనుసరించి రూపొందిన ప్రోటోకాల్‌లలో అధికభాగం వాడుకలో నిలువలేదు. ఇంటర్నెట్ టీసీపీ/ఐపీ మీద నడుస్తుంది. అయినప్పటికీ పాఠ్యపుస్తకాలలోనూ, ఇంజనీర్ల సంభాషణలోనూ ఓఎస్ఐ పొరల పేర్లు, సంఖ్యలే స్థిరపడ్డాయి.

నేపథ్యం

1970వ దశకంలో ఐబీఎం, డిజిటల్ ఎక్విప్‌మెంట్ వంటి కంపెనీలు ఎవరికి వారే నెట్‌వర్క్ పద్ధతులను తయారుచేసుకున్నాయి. ఒక కంపెనీ యంత్రం మరొక కంపెనీ యంత్రంతో సంభాషించడం కష్టమయ్యేది. దీనికి పరిష్కారంగా ఐఎస్ఓ 1977లో ఈ పనిని చేపట్టింది. ఆ ఉపసంఘానికి చార్లెస్ బాక్‌మన్ అధ్యక్షత వహించాడు. ఫ్రాన్సుకు చెందిన హ్యూబర్ట్ జిమ్మర్‌మన్ 1980లో ప్రచురించిన వ్యాసం ఏడు పొరల విభజనకు ప్రాచుర్యం కల్పించింది.

పొరలు

క్రింది నుండి పైకి ఇవి భౌతిక, డేటా లింక్, నెట్‌వర్క్, రవాణా, సెషన్, ప్రెజెంటేషన్, అప్లికేషన్ పొరలు. ప్రతి పొర తన క్రింది పొర నుండి సేవను పొంది, పై పొరకు సేవను అందిస్తుంది. క్రింది పొర ఆ పనిని ఎలా చేస్తున్నదో పై పొరకు తెలియనవసరం లేదు. అందువల్లనే రాగి తీగ స్థానంలో వైఫై వచ్చినా బ్రౌజరును మార్చవలసిన పని ఉండదు.

పంపే కంప్యూటరులో ఒక్కొక్క పొర తన శీర్షికను చేరుస్తుంది. అందుకునే కంప్యూటరులో అదే వరుసకు వ్యతిరేకంగా అవి తొలగిపోతాయి. సాధారణ ఈథర్నెట్ ఫ్రేము 1500 బైట్ల వరకు మోస్తుంది. అందులో ఐపీ శీర్షికకు కనీసం 20, టీసీపీ శీర్షికకు కనీసం 20 బైట్లు పోగా 1460 మిగులుతాయి. కాబట్టి లక్ష బైట్ల ఫోటో కనీసం 69 ముక్కలుగా ప్రయాణిస్తుంది. దారిలోని ప్రతి రౌటరు పాత ఫ్రేమును విప్పి కొత్త ఫ్రేములో పెడుతుంది. గమ్యపు ఐపీ చిరునామా మాత్రం సాధారణంగా మారదు.

పొరల మధ్య హద్దులు

ఆచరణలో ఈ హద్దులు అంత కచ్చితమైనవి కావు. ఇళ్ళలోని రౌటర్లు చేసే చిరునామా మార్పిడి, అనగా నాట్, ఇందుకు మంచి ఉదాహరణ. మూడవ పొర పరికరమైన రౌటరు ఇక్కడ నాలుగవ పొరకు చెందిన పోర్టు సంఖ్యను కూడా మారుస్తుంది. టీసీపీ తప్పులను పట్టుకొనే చెక్‌సమ్ లెక్కలో ఐపీ చిరునామాలు కూడా చేరి ఉంటాయి గనుక దానినీ సవరించవలసి వస్తుంది. సెషన్, ప్రెజెంటేషన్ పొరలకు ఇంటర్నెట్‌లో విడిగా స్థానమే లేదు. ఆ పనులను చాలావరకు అప్లికేషన్లే చూసుకుంటాయి.

టీసీపీ/ఐపీతో పోటీ

అర్పానెట్ 1983 జనవరి 1న టీసీపీ/ఐపీకి మారింది. అదే సంవత్సరం బర్క్‌లీ యూనిక్స్ ద్వారా దాని ప్రోగ్రాము విశ్వవిద్యాలయాలకు చేరింది. ఓఎస్ఐ ప్రమాణాలు సంఘాల చర్చలలో నెమ్మదిగా సాగాయి. పైగా వాటి పత్రాలను వెల పెట్టి కొనవలసి వచ్చేది. అమెరికా ప్రభుత్వం 1990లో తన కొనుగోళ్ళకు ఓఎస్ఐని తప్పనిసరి చేసి, 1995లో ఆ నిబంధనను సడలించింది. 1989 నాటి ఆర్ఎఫ్‌సీ 1122 ఇంటర్నెట్‌ను నాలుగు పొరలుగానే వర్ణించింది.

ఓఎస్ఐ కృషిలో కొంత భాగం ఇప్పటికీ వాడుకలో ఉంది. పెద్ద నెట్‌వర్క్‌లలో దారులను నిర్ణయించే ఐఎస్-ఐఎస్ ప్రోటోకాల్, సురక్షిత వెబ్‌సైట్ల గుర్తింపు పత్రాలకు ఆధారమైన ఎక్స్.509 ప్రమాణం ఇందులోనివే.