గొట్టములలో పారిన లెక్కలు

ఒక రైసుమిల్లును ఊహింపుడు. పొట్టు తీసిన బియ్యమునంతను ఒక గదిలో రాశిపోసి, ఆ రాశి ముగిసిన పిమ్మటనే కూలీలచే పాలిషు యంత్రమునకు మోయించు యజమాని ఎన్నాళ్ళు వ్యాపారము సాగింపగలడు? కావుననే ఒక యంత్రమునుండి రాలిన గింజ వెంటనే వేరొకదానిలో పడునట్లు అమర్చుదురు. ఈ చిన్న ఉపాయము మెయిన్‌ఫ్రేములనబడు పెద్ద గణనయంత్రములకు చేరుటకు చాలకాలము పట్టెను.

1964 ఏప్రిల్ 7వ తేదీన ఐ.బి.ఎం. సంస్థ తన సిస్టమ్/360 యంత్రములను ప్రకటించెను. వీనిపై బ్యాచి పద్ధతిలో పని ఇట్లు జరిగెడిది. ఒక్కొక్క జాబును కొన్ని మెట్లుగా విభజింతురు. మొదటి మెట్టులోని ప్రోగ్రాము ఖాతాలనుండి కావలసిన రికార్డులను ఏరి టేపుపైనో, డిస్కుపైనో వ్రాయును. అది పూర్తిగా ముగిసిన తరువాత రెండవది వచ్చి, వ్రాసినదంతయు మొదటినుండి చదివి, వరుసక్రమములో పేర్చి, వేరొకచోట వ్రాయును. మూడవది దానిని చదివి పట్టికలు అచ్చువేయును. మొత్తము పనికి పట్టు కాలము ఈ మెట్ల కాలములన్నియు కూడగా వచ్చినది. అందులో ఎంతో భాగము లెక్కకు గాక, వ్రాసినదానినే మరల చదువుటకు వ్యయమగును. బ్యాంకులలోను, బీమా కంపెనీలలోను రాత్రి ఆరంభించిన పని ఉదయము తలుపులు తెరచు వేళకు ముగియవలెను. ఖాతాలు ఏటేట పెరిగినవి, రాత్రి పెరుగలేదు.

అదే సంవత్సరము అక్టోబరు 11న అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెకిల్రాయ్ ఒక చిన్న వ్రాతలో, తోటకు నీరుపెట్టు గొట్టములను బిగించినట్లు ప్రోగ్రాములను ఒకదానికొకటి బిగించు మార్గముండవలెనని సూచించెను. ఆ సూచన కాగితముమీదనే నిలిచిపోయెను. 1973లో కెన్ థామ్సన్ దానిని యూనిక్సు వ్యవస్థలో ఒక్క రాత్రిలో అమర్చెను. తొమ్మిదేండ్లు వేచిన పనికి ఒక రాత్రి చాలుట విచిత్రమే.

మెయిన్‌ఫ్రేములలో బ్యాచి పద్ధతియే గాక, మనిషి తెర ముందు కూర్చుండి ఆజ్ఞలిచ్చుచు, వెంటనే జవాబులు పొందు పద్ధతియు ఉండెను. 1972లో ప్రకటింపబడిన వి.ఎం./370లోని సి.ఎం.ఎస్. అట్టిది. దీనిలో ప్రతివానికి యంత్రమంతయు తనదేయను భ్రాంతి కలుగును. కాని ఆ యంత్రములో ఒక వేళ ఒక ప్రోగ్రామే నడచును. ఒకటే నడచుచోట రెంటిని కలుపుట ఎట్లు?

యూనిక్సు గొట్టముల వలన ప్రేరణ పొంది, 1980లో ఐ.బి.ఎం. డెన్మార్కు శాఖలోని జాన్ హార్ట్‌మన్ ఈ చిక్కును విప్పుటకు పూనుకొనెను. పనిముట్లన్నిటిని ఒకే ప్రోగ్రాములో ఇమిడ్చి, వానికి వంతులవారీగా అవకాశమిచ్చు మేస్త్రీ నొకనిని లోపల ఉంచెను. ఇదియే సి.ఎం.ఎస్. పైప్‌లైన్స్. ఫైలును చదువునది ఒకటి, కోరిన మాటగల రికార్డులను వేరుచేయు ‘లొకేట్’ ఒకటి, వానిని లెక్కించు ‘కౌంట్’ ఒకటి, ఫలితమును తెరపై చూపు ‘కన్సోల్’ ఒకటి. ఈ నాలుగింటిని నడుమ నిలువుగీతలు గీసి ఒక్క పంక్తిలో వ్రాసినచో, ఒక ప్రోగ్రాము వ్రాయు శ్రమ తప్పును.

అయితే హార్ట్‌మన్ యూనిక్సును మక్కికి మక్కిగా దింపలేదు. యూనిక్సు గొట్టములో అక్షరములు నీటివలె పారును. మెయిన్‌ఫ్రేములలోని సమాచారము రంధ్రముల కార్డుల సంతతి. దానికి మొదలు, తుద గల రికార్డే ప్రమాణము. అతడు రికార్డునే ప్రవాహములో అంశముగా గ్రహించెను. పైగా ‘లొకేట్’ విడిచిన రికార్డులు పారవేయబడనక్కరలేదు; రెండవ ద్వారమున వేరొక కాలువలోనికి పోవచ్చును. రెండు కాలువలు మరల కలియవచ్చును. కలిసినప్పుడు రికార్డుల క్రమము చెడదా? ఇచ్చటనే అతని ప్రజ్ఞ కానవచ్చును. ప్రతి పనిముట్టు ముందుగా రికార్డును తొంగిచూచును గాని తీసికొనదు. తన పని చేసి ఫలితమును ముందుకు పంపిన తరువాతనే మొదటి రికార్డును స్వీకరించును. అంతవరకు వెనుకనున్నది కదలదు. అందరును ఈ నియమమును పాటించినచో, ఏ దారిన పోయిన రికార్డైనను తన వంతునకే చేరును. ‘సార్ట్’ వంటివి మాత్రము దీనికి లొంగవు. ఆఖరి పేపరు దిద్దకుండ తరగతిలో ప్రథముడెవడో చెప్పలేము గదా!

బ్యాచి పనులకు 1990 దశకపు ఆరంభములో బ్యాచిపైప్స్ అను సాధనము వచ్చెను. దీనితో వ్రాయు జాబు, చదువు జాబు ఒకేసారి నడచును. రికార్డులు టేపు నంటక యంత్రస్మృతిలోనే చేతులు మారును. 1995లో హార్ట్‌మన్ పనిముట్లు బ్యాచిపైప్‌వర్క్స్ అను పేర దీనిలో చేరినవి. కాలము కలిసివచ్చెను గాని ఊరక రాలేదు. పూర్వము మూడవ మెట్టు విఫలమైనచో రెండవదాని టేపు చేతిలో ఉండెడిది, అచ్చటినుండి సాగింపవచ్చును. గొట్టములో పారిపోయిన దానికి నకలు లేదు. ఒక జాబు మధ్యలో నిలిచినచో రెండింటిని మొదటినుండి నడుపవలసివచ్చును. రాత్రి రెండు గంటలకు అట్టి స్థితి వచ్చినవానికే పాత టేపుల విలువ తెలియును.

సి.ఎం.ఎస్. పైప్‌లైన్స్ 1991 చివర వి.ఎం./ఇ.ఎస్.ఎ.లో అంతర్భాగమయ్యెను. 1997లో ఆ రూపము అట్లే నిలిపివేయబడెను. అయినను హార్ట్‌మన్ పని మానలేదు. తమను తాము ‘ప్లంబర్లు’ అని చెప్పుకొను వాడుకరులు క్రొత్త రూపమును విడిగా తెచ్చుకొని వాడుకొనుచుండిరి. టి.ఎస్.ఓ.కు తగిన రూపము 2010 వరకు డెన్మార్కు శాఖనుండియే లభించెను. క్రొత్త పైప్‌లైన్స్ మరల యంత్రముతోపాటు అందినది 2016 నవంబరులో, జడ్/వి.ఎం. 6.4తో.