తండ్రిని వెలివేసిన శాసనములు

ఇంతటి సంపన్నమైన అమెరికా దేశమున నల్లజాతి స్త్రీలు పురిటిలో మరణించుటయేమని నర్సీపట్నమునందలి మిత్రులు నన్నడుగుచుందురు. 2023వ సంవత్సరమున ఇచ్చట లక్ష జననములకు తెల్లజాతి తల్లులు 14.5 మంది చొప్పున మరణింపగా నల్లజాతి తల్లులు 50.3 మంది చొప్పున మరణించిరి. ఉన్నతవిద్య నభ్యసించిన స్త్రీలలో సైతము ఈ యంతరము తొలగలేదు. దీనికి కారణమును వైద్యగ్రంథములకంటె చరిత్రయందు, అందును తండ్రుల చరిత్రయందు వెదకవలసియున్నదని నా విశ్వాసము.

1662లో వర్జీనియా శాసనసభ, బిడ్డ బానిసయగుటయు స్వతంత్రుడగుటయు తల్లి స్థితినిబట్టియే నిర్ణయింపబడునని శాసించెను. తండ్రి ననుసరించియే బిడ్డ స్థితి నెంచు ఆంగ్లేయులు, ఈ యొక్క విషయమున తమ సంప్రదాయమును తలక్రిందులు చేసికొనిరి. బానిస స్త్రీయందు తనకే కలిగిన సంతానమును సైతము యజమాని విక్రయింపగలిగెను. ఆమె భర్తయో, ఆ వివాహమునకే చట్టబలము లేకపోవుటచే, పొరుగు తోటలోనున్న ఆలిని చూచుటకు యజమానిచే చీటీ వ్రాయించుకొని పోవలసినవాడయ్యెను. 1808లో విదేశములనుండి బానిసల దిగుమతి నిషిద్ధమైన పిమ్మట ఆ స్త్రీల గర్భమే యజమానుల ఆస్తివృద్ధికి ఆధారమైనది. 1845 మొదలు 1849 వరకు అలబామాలోని మాంట్‌గోమరీ నగరమున మేరియన్ సిమ్స్ అను వైద్యుడు, కష్టప్రసవమున మూత్రాశయము చిల్లువడిన అనార్కా, లూసీ, బెట్సీ మొదలగు బానిస స్త్రీలపై మత్తుమందు లేకయే శస్త్రచికిత్సలు సాగించెను. అనార్కా యొక్కతెకే దాదాపు ముప్పదిమారులు. సమ్మతినిచ్చినవారు యజమానులు. భర్త నడుగవలెనను తలంపే ఆనాటి చట్టమునకు లేదు.

1865లో బానిసత్వము రద్దయినను తండ్రికి గడప దక్కలేదు. పిల్లల పోషణకు ప్రభుత్వ భృతి పొందు తల్లియింట పురుషుని జాడ కనబడినచో ఆ భృతిని నిలిపివేయు నిబంధన అలబామా మున్నగు రాష్ట్రములలో, 1968లో సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేయునంతవరకు, అమలునందుండెను. నల్లజాతి పురుషుడు బాధ్యత నెరుగడని తేలికగా పలుకువారు (మనవారిలోను కలరు) బిడ్డల నోటికి కూడు దక్కుటకై ఇల్లు విడువవలసివచ్చిన ఆ తండ్రిని తలచికొనవలెనని నా ప్రార్థన.

2016 ఏప్రిల్ మాసమున లాస్ ఏంజిలిస్ నగరమున కీరా జాన్సన్ అను నల్లజాతి స్త్రీ శస్త్రచికిత్సచే రెండవ కుమారుని కనెను. మూత్రపు గొట్టమున నెత్తురు చూచిన భర్త చార్లెస్ గంటలకొలది వేడుకొన్నను, తిరిగి శస్త్రచికిత్స చేయునప్పటికి కాలము మించిపోయినది, ఆమె మరణించెను. ఆయన తల్లుల రక్షణకై సంస్థను నెలకొల్పి, 2018లో అమెరికా కాంగ్రెసు ఎదుట సాక్ష్యమిచ్చెను. ప్రసూతి మరణములను విచారించు రాష్ట్ర సంఘములకు కేంద్ర ధనసహాయము నొసగు చట్టము ఆ డిసెంబరుననే వెలువడినది. నేడు పలువురు భర్తలు పరీక్షలకు భార్య వెంట నేగుచు, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, ఊపిరాడకపోవుట ప్రమాదచిహ్నములని ముందుగనే తెలిసికొనుచున్నారు. ఆమె మాటను ఇతరులు విననప్పుడు ఆ మాటనే, తమ మాటచే దానిని కప్పివేయక, మరల వినిపించుట వారు నేర్చుకొనుచున్న కఠినతమమైన విద్య.

ఇక మన నర్సీపట్నము సంగతి. అచ్చటి ఏరియా ఆసుపత్రికి కొయ్యూరు, చింతపల్లి మన్యములనుండి గర్భిణులు వత్తురు. దారిలేని కొండపల్లెలనుండి డోలీ కట్టి, వాగులు దాటించి వారిని మోసికొనివచ్చునది భర్తలును ఇరుగుపొరుగు మగవారునే కదా! అంత దూరము మోసినవాడు తరచుగా ప్రసూతిగది గుమ్మముకడ పరాయివాడై నిలిచిపోవును. నొప్పులు ఎప్పుడు మొదలైనవో, దారిలో ఎంత నెత్తురు పోయినదో వైద్యులు ముందుగా అతని నడుగుదురుగాక. రక్తపుపోటు ఎంతయున్నదో, ఇంటికి చేరిన పిదప ఏ లక్షణము కనబడినచో తిరిగి తీసికొనిరావలెనో అతనికిని విప్పి చెప్పుదురుగాక.