ఎంఐయూఐ నుంచి హైపర్‌ఓఎస్ దాకా: షావోమి ఫోన్‌లో కనిపించేది, కనిపించనిది

రెడ్‌మి ఫోన్ ఆన్ చేయగానే కనిపించేది అచ్చమైన ఆండ్రాయిడ్ కాదు. ఆండ్రాయిడ్ అడుగున ఉంటుంది. దాని మీద షావోమి కంపెనీ తన సొంత పొర ఒకటి పరిచి ఇస్తుంది. ఐకాన్లు, సెట్టింగ్స్, గ్యాలరీ, ఫైల్ మేనేజర్, లాక్ స్క్రీన్, మధ్యమధ్యలో తొంగిచూసే ప్రకటనలు ఇవన్నీ ఆ పొరలోవే. 2010 నుంచి 2023 దాకా దాని పేరు ఎంఐయూఐ. కంపెనీవాళ్లు 'మీ యూ ఐ' అని పలుకుతారు. ఇప్పుడు దాని పేరు హైపర్‌ఓఎస్.

శామ్‌సంగ్‌కు వన్ యూఐ, ఒప్పోకు కలర్‌ఓఎస్ ఉన్నట్టే షావోమికి ఇది. కానీ ఒక తేడా ఉంది. ఇక్కడ ఫోన్ కంటే ముందు సాఫ్ట్‌వేర్ పుట్టింది. ఆ తర్వాత ఫోన్‌ను చౌకగా అమ్మడానికి ఆ సాఫ్ట్‌వేరే ఒక సంపాదన మార్గం అయింది. ఒకే ఫోన్ పొద్దున నాన్న దగ్గర, మధ్యాహ్నం అమ్మ దగ్గర, సాయంత్రం పిల్లల దగ్గర తిరిగే ఇళ్లలో ఈ రెండో సంగతి తెలిసి ఉండటం అవసరం.

ఫోన్ లేని ఫోన్ కంపెనీ

2010 ఏప్రిల్‌లో లే జున్, ఆయన సహచరులు బీజింగ్‌లో షావోమిని స్థాపించారు. చైనా భాషలో షావోమి అంటే చిరుధాన్యం. కచ్చితంగా చెప్పాలంటే మన కొర్రలు. మొదటి రోజు అందరూ కలిసి కొర్ర గంజి తాగి పని మొదలుపెట్టారని కంపెనీ తన కథగా చెప్పుకుంటుంది.

అప్పటికి వాళ్ల దగ్గర ఫోన్ లేదు. అదే ఏడాది ఆగస్టు 16న విడుదల చేసింది ఎంఐయూఐ మాత్రమే. గూగుల్ నెక్సస్ వన్ లాంటి ఇతర కంపెనీల ఫోన్లలో ఉన్న సాఫ్ట్‌వేర్ తీసేసి, దాని బదులు ఎక్కించుకునే ప్యాకేజీ అది. అప్పట్లో ఆండ్రాయిడ్ చూడటానికి గరుకుగా ఉండేది. ఎంఐయూఐ దాన్ని నునుపు చేసి, థీములు, కాల్ బ్లాకింగ్ లాంటి సౌకర్యాలు జోడించింది. మొట్టమొదట వాడినవాళ్లు వంద మంది. తమ ఫోన్ పాడైపోయే ప్రమాదం ఉన్నా ముందుకొచ్చిన ఆ వంద మంది పేర్లను ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు తెర మీద చూపించారు. వాడేవాళ్లు తప్పులు చెప్పడం, కంపెనీ వాటిని సరిచేసి ప్రతి శుక్రవారం కొత్త వెర్షన్ ఇవ్వడం ఒక పద్ధతిగా సాగింది. షావోమికి 'అభిమానులు' అనేవాళ్లు ఏర్పడింది ఇలాగే. సరిగ్గా ఏడాది తర్వాత, 2011 ఆగస్టు 16న కంపెనీ తన మొదటి ఫోన్‌ను 1,999 యువాన్లకు ప్రకటించింది. సగం ధరకే పెద్ద కంపెనీల స్థాయి ఫోన్ అన్నమాట.

భారత్‌లో అడుగు, వెంటనే ఒక అనుమానం

2014 జులైలో ఎంఐ 3 ఫోన్ ఫ్లిప్‌కార్ట్ ద్వారా రూ. 13,999కి మన దేశంలోకి వచ్చింది. అమ్మకం మొదలుపెట్టిన కాసేపటికే సరుకు అయిపోయేది. 'ఫ్లాష్ సేల్' అనే మాట ఇంటింటికీ తెలిసింది అప్పుడే.

మరుసటి నెలలోనే గొడవ వచ్చింది. ఫిన్లాండ్‌కు చెందిన ఎఫ్-సెక్యూర్ సంస్థ రెడ్‌మి 1ఎస్ ఫోన్‌ను పరీక్షించింది. ఫోన్ నంబరు, ఐఎంఈఐ సంఖ్య, కాంటాక్ట్స్‌లోని నంబర్లు షావోమి సర్వర్‌కు వెళ్తున్నాయని బయటపెట్టింది. ఇది ఉచిత మెసేజ్‌ల సేవ కోసం జరుగుతోందని కంపెనీ వివరించింది. అప్పటి ఉపాధ్యక్షుడు హ్యూగో బారా క్షమాపణ చెప్పారు. ఆ సేవను వాడేవాళ్లే ఆన్ చేసుకునేలా అప్‌డేట్ ఇచ్చారు. అంతకుముందు అది అడగకుండానే ఆన్‌లో ఉండేది. ఆ అక్టోబరులో మన వాయుసేన కూడా తన సిబ్బందిని ఈ ఫోన్ల విషయంలో హెచ్చరించింది. చైనా బయట ఉన్నవారి డేటాను బీజింగ్ సర్వర్ల నుంచి అమెరికా, సింగపూర్‌లకు మారుస్తున్నామని షావోమి అదే నెలలో ప్రకటించింది.

ఈ సంఘటన పాతదే అయినా గుర్తుంచుకోదగ్గది. సౌకర్యం మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న, దాన్ని మనల్ని అడిగి పెట్టారా లేదా అన్నది మరో ప్రశ్న. ఎంఐయూఐ చరిత్ర పొడుగునా గొడవ వచ్చింది ఎక్కువగా రెండో దాని మీదే.

తెలుగు, విశాఖ, శ్రీసిటీ

2015 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఎంఐ 4ఐ విడుదలైంది. లే జున్ వేదికెక్కి వచ్చీరాని ఇంగ్లీషులో 'ఆర్ యూ ఓకే?' అని అడిగితే, అది చైనాలో పాటగా మారి ఆయన్ని ఏళ్ల తరబడి వెంటాడింది. అదలా ఉంచితే, ఆ ఫోన్‌లో మెనూలు తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో చదువుకునే వీలు వచ్చింది. ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్లకు అది నిజంగా పనికొచ్చిన మార్పు.

అదే ఏడాది ఆగస్టు 10న విశాఖపట్నంలో రెడ్‌మి 2 ప్రైమ్ విడుదలైంది. అప్పటి చిత్తూరు జిల్లా శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ప్లాంటులో తయారైన ఆ ఫోన్ ధర రూ. 6,999. షావోమికి అది మొదటి 'మేడ్ ఇన్ ఇండియా' ఫోన్.

రూపం మారింది, పని పెరిగింది

2014 ఆగస్టులో వచ్చిన ఎంఐయూఐ 6 చూసినవాళ్లు ఐఫోన్ గుర్తొస్తోందన్నారు. ఆపిల్ డిజైన్ అధిపతి జానీ ఐవ్‌ను ఒక సభలో షావోమి గురించి అడిగితే, ఇలాంటిది దొంగతనం, బద్ధకం అన్న అర్థంలో గట్టిగానే మాట్లాడారు. ఈ పోలిక నింద షావోమిని పూర్తిగా ఎప్పుడూ వదల్లేదు.

2016లో వచ్చిన ఎంఐయూఐ 8 మాత్రం మన అవసరాలకు దగ్గరగా వచ్చింది. 'డ్యూయల్ యాప్స్'తో ఒకే ఫోన్‌లో రెండు వాట్సాప్ ఖాతాలు నడుస్తాయి. రెండు సిమ్ములు వాడే మన దేశంలో ఇది ఎంత ఉపయోగమో చెప్పనక్కర్లేదు. 'సెకండ్ స్పేస్' ఇంకో మంచి సౌకర్యం. ఒకే ఫోన్‌లో వేరే పాస్‌వర్డుతో రెండో గది లాంటిది తయారవుతుంది. పిల్లలకు ఆన్‌లైన్ క్లాసు కోసం ఫోన్ ఇచ్చేటప్పుడు వాళ్ల యాప్‌లు మాత్రమే ఉన్న రెండో గది ఇచ్చి, బ్యాంకు యాప్‌లు, కుటుంబ ఫొటోలు మొదటి గదిలో ఉంచుకోవచ్చు. కొన్ని చవక మోడళ్లలో ఇది ఉండదు. కొనేముందు చూసుకోవాలి.

2018లో వచ్చిన ఎంఐయూఐ 10లో తెర మీద వేలితో జరిపే సైగలు ఉన్నాయి. 2020లో ఎంఐయూఐ 12 అందంగా వచ్చింది గానీ, దానిలో లోపాల మీద ఫిర్యాదులు కూడా అంతే గట్టిగా వచ్చాయి. ఆ కాలంలోనే మన దేశంలో కొత్త మోడళ్లలో షావోమి సొంత డయలర్ పోయి గూగుల్ ఫోన్ యాప్ వచ్చింది. కాల్ రికార్డ్ చేస్తే అవతలివాళ్లకు వినపడేలా ప్రకటన వస్తుంది. వ్యాపారం చేసుకునేవాళ్లు చాలామంది దీనికి నొచ్చుకున్నారు. అవతలివారి హక్కు వైపు నుంచి చూస్తే మాత్రం అది సరైనదే.

ప్రకటనలు ఎందుకు?

2018 ఏప్రిల్‌లో లే జున్ ఒక మాట ఇచ్చారు: ఫోన్లు, ఇతర పరికరాల మీద నికర లాభం 5 శాతం దాటనివ్వం అని. కంపెనీ హాంకాంగ్ స్టాక్ మార్కెట్‌లో చేరడానికి కొన్ని వారాల ముందు మాట అది. మరి మిగతా లాభం ఎక్కడి నుంచి? కంపెనీ లెక్కల్లో 'ఇంటర్నెట్ సేవలు' అనే పద్దు ఒకటి ఉంది. ప్రకటనలు, ఆటలు, యాప్ స్టోర్ దానిలోకి వస్తాయి. దాని మీద లాభశాతం ఫోన్ల మీద కంటే చాలా ఎక్కువ. అంటే ఫోన్ అమ్మాక కూడా బేరం పూర్తి కాదు. ఫైల్ మేనేజర్‌లో, మ్యూజిక్ యాప్‌లో, కొత్త యాప్ ఎక్కించగానే వచ్చే స్కానింగ్ తెరలో అది సాగుతూనే ఉంటుంది. 2018లో ఏకంగా సెట్టింగ్స్ పేజీలోనే ప్రకటనలు కనిపించి పెద్ద రచ్చ అయింది.

ఆ ప్రకటనల్లో ఏది వస్తుందో ఇంటి పెద్ద చేతిలో ఉండదు. పిల్లవాడి చేతిలో ఫోన్ ఉన్నప్పుడు ఇదే ఇబ్బంది. అయితే చాలావరకు ఆపొచ్చు. సెట్టింగ్స్‌లో 'పాస్‌వర్డ్స్ అండ్ సెక్యూరిటీ'లోకి వెళ్లి, 'ఆథరైజేషన్ అండ్ రివొకేషన్' తెరిస్తే 'ఎంఎస్ఏ' అని ఒక పేరు ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయాలి. ఆఫ్ నొక్కగానే పది సెకన్లు ఆగమంటుంది, ఒక్కోసారి కుదరలేదంటుంది. నెట్ ఆన్‌లో ఉంచి రెండు మూడుసార్లు ప్రయత్నిస్తే అవుతుంది. ఆన్ చేయడానికి లేని ఈ తంతు ఆఫ్ చేయడానికి ఎందుకో ఊహించుకోవచ్చు. తర్వాత అక్కడే 'ప్రైవసీ'లో 'యాడ్ సర్వీసెస్' కింద వ్యక్తిగత ప్రకటనలు ఆపాలి. ఫైల్ మేనేజర్, డౌన్‌లోడ్స్, థీమ్స్ లాంటి యాప్‌ల సెట్టింగ్స్‌లో 'రికమెండేషన్స్' విడివిడిగా ఆఫ్ చేయాలి. మోడల్‌ను బట్టి పేర్లు కొద్దిగా మారతాయి.

ప్రకటనలు, అదనపు యాప్‌ల గోల వద్దనుకునేవాళ్ల కోసం షావోమి 2017లో ఎంఐ ఏ1 తెచ్చింది. దానిలో ఎంఐయూఐ లేదు, గూగుల్ ఆండ్రాయిడ్ వన్ ఉంది. 2019 నాటి ఏ3తో ఆ వరుస ఆగిపోయింది.

2020: బ్రౌజర్ మీద ప్రశ్నలు

ఆ ఏడాది ఏప్రిల్ చివర్లో ఫోర్బ్స్ పత్రిక ఒక కథనం ఇచ్చింది. షావోమి బ్రౌజర్‌లో 'ఇన్‌కాగ్నిటో' పెట్టుకున్నా చూసిన సైట్ల వివరాలు నమోదవుతున్నాయని ఒక భద్రతా పరిశోధకుడు కనుగొన్నట్టు రాసింది. వ్యక్తిని గుర్తించే సమాచారం తీసుకోవడం లేదని కంపెనీ వాదించింది. అయినా కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపుకునే మీట ఒకటి ఇచ్చింది. గల్వాన్ ఘర్షణ తర్వాత జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో షావోమివి రెండున్నాయి. ఆగస్టులో ఎంఐ బ్రౌజర్ ప్రో కూడా నిషేధంలోకి వెళ్లింది. నిషేధించిన యాప్‌లు లేని ఎంఐయూఐని భారత్‌కు ప్రత్యేకంగా ఇస్తామని కంపెనీ అప్పుడు ప్రకటించింది.

అలారం మోగని ఫోన్

షావోమి ఫోన్లలో బ్యాటరీ ఎక్కువసేపు రావడానికి ఒక కారణం, వెనక నడిచే యాప్‌లను ఎంఐయూఐ నిర్దాక్షిణ్యంగా ఆపేయడం. దీనివల్ల మెసేజ్‌లు ఆలస్యంగా వస్తాయి, మందుల వేళ గుర్తుచేసే యాప్ మూగబోతుంది, అజాన్ యాప్ ఫజర్ వేళకు మోగదు. చాలామంది యాప్ పాడైందనుకుని తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. లోపం అక్కడ లేదు. ఆ యాప్ పేరు మీద నొక్కిపట్టి 'యాప్ ఇన్ఫో' తెరిచి, 'ఆటోస్టార్ట్' ఆన్ చేసి, 'బ్యాటరీ సేవర్'లో 'నో రెస్ట్రిక్షన్స్' ఎంచుకోవాలి. ఒక రాత్రి పరీక్షించి చూసుకుంటే సరి.

వెర్షన్ నంబర్ల మాయ

ఎంఐయూఐ నంబరు వేరు, ఆండ్రాయిడ్ నంబరు వేరు. 2017 జనవరిలో మన దగ్గర విడుదలైన రెడ్‌మి నోట్ 4ను తీసుకోండి. అది ఎంఐయూఐ 8తో వచ్చి 11 దాకా వెళ్లింది. వినడానికి మూడు మెట్లు. కానీ అడుగున ఉన్న ఆండ్రాయిడ్ 6 నుంచి 7కు మాత్రమే కదిలింది. ఇలాంటి అప్‌డేట్ వల్ల పాత ఫోన్‌కు కొత్త రూపం దక్కింది, అది మంచిదే. భద్రత సంగతి వేరే. 'అబౌట్ ఫోన్'లో 'ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్' పక్కన ఉన్న తేదీ దాన్ని చెబుతుంది. యూపీఐ వాడేవాళ్లు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లు, పైపేరు కాకుండా ఆ తేదీ చూడాలి.

హైపర్‌ఓఎస్

2021 నవంబరుకు నెలనెలా ఎంఐయూఐ వాడేవాళ్లు ప్రపంచంలో 50 కోట్లు దాటారు. అప్పటికే అది బరువెక్కిందన్న మాట బలంగా ఉంది. 2022 డిసెంబరు నాటి ఎంఐయూఐ 14లో కొవ్వు తగ్గించే ప్రయత్నం జరిగింది. తొలగించడానికి వీల్లేని సొంత యాప్‌లను ఎనిమిదికి కుదించామని కంపెనీ చెప్పింది. ఎంఐయూఐకి అదే చివరి పెద్ద వెర్షన్.

2023 అక్టోబరు 17న లే జున్ హైపర్‌ఓఎస్ పేరు ప్రకటించారు. అదే నెల 26న షావోమి 14తో అది చైనాలో వచ్చింది. ఆ ఫోన్‌లో సిస్టమ్ తీసుకునే చోటు 8.75 జీబీ అన్నారు. పేరు చూసి ఆండ్రాయిడ్ పోయిందనుకునేవాళ్లున్నారు. పోలేదు. ఫోన్లలో అడుగున ఆండ్రాయిడే, చిన్న గృహోపకరణాలకు వేలా అనే వేరే పునాది. ఫోను, టీవీ, ఇంటి కెమెరా, 2024 మార్చిలో వచ్చిన ఎస్‌యూ7 కారు అన్నిటినీ ఒక గొడుగు కిందికి తేవడం దాని లక్ష్యం. 2024 అక్టోబరులో రెండో వెర్షన్, 2025లో మూడో వెర్షన్ వచ్చాయి.

వేగం, చోటు విషయంలో మార్పు తెలుస్తుంది. కంట్రోల్ సెంటర్, కదలికలు మెరుగయ్యాయి. పాత అభిమానులకు కష్టం కలిగించింది మాత్రం ఒకటుంది: తమకు నచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడానికి ఫోన్ తాళం తీసే పద్ధతిని హైపర్‌ఓఎస్‌తో చాలా కఠినం చేశారు. 2010లో ఇతర కంపెనీల ఫోన్ల తాళాలు తీసుకునేవాళ్ల మీదే ఈ కంపెనీ నిలబడింది. ఇక 'ఎంఎస్ఏ' మీట హైపర్‌ఓఎస్‌లోనూ ఉంది, ఆ పది సెకన్ల ఎదురుచూపుతో సహా.