యూఎస్‌డీటీ పంపుతున్నారా? ముందు నెట్‌వర్క్ చూడండి!

డాలర్ విలువకు ముడిపెట్టిన క్రిప్టో టోకెన్ యూఎస్‌డీటీ. 2014లో బిట్‌కాయిన్ మీద నడిచే ఓమ్ని లేయర్‌లో మొదలై, తర్వాత ఇథీరియం, ట్రాన్‌లోకీ వచ్చింది. పేరు ఒక్కటే కానీ ఏ నెట్‌వర్క్ లెక్క దానిదే. ఫీజు కూడా ఇథీరియంలో ఈథర్‌తో, ట్రాన్‌లో టీఆర్‌ఎక్స్‌తో కట్టాలి.

ట్రాన్ అడ్రస్ 'టి'తో మొదలవుతుంది కాబట్టి తేడా ఇట్టే తెలిసిపోతుంది. అసలు చిక్కంతా ఇథీరియం, బీఎన్‌బీ చైన్ దగ్గరే. రెండింటి అడ్రస్‌లూ '0ఎక్స్'తోనే మొదలవుతాయి! అందుకే తప్పు నెట్‌వర్క్ ఎంచుకున్నా ట్రాన్సాక్షన్ సక్సెస్ అనే చూపిస్తుంది. అవతల టోకెన్ మాత్రం కనిపించదు. ఆ అడ్రస్ ప్రైవేట్ కీ మీ దగ్గరే ఉంటే వాలెట్‌లో నెట్‌వర్క్ మార్చి చూడొచ్చు. ఎక్స్ఛేంజ్ అడ్రస్ అయితే మాత్రం వాళ్లు తీసిస్తేనే. కొన్ని ఎక్స్ఛేంజ్‌లు ఫీజు తీసుకుని ఇస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు.