పాట పాడినవారిదా, రికార్డు చేసినవారిదా?

జమైకా అనగానే మన పిల్లలకు ఉసేన్ బోల్ట్, క్రిస్ గేల్ గుర్తొస్తారు. ఆ దీవి పెద్దదేమీ కాదు, మన పాత ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా అంత ఉంటుంది. చెరకు తోటల్లో పని కోసం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతే అక్కడ ఎక్కువ. 1962 ఆగస్టు 6న ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. తరువాత ఆరేళ్లకే రాజధాని కింగ్‌స్టన్ పేదవాడల్లో రెగే అనే సంగీతం పుట్టి ప్రపంచమంతా పాకింది. 2018లో యునెస్కో దాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

రెగే పాడిన బాబ్ మార్లీ పేరు చాలామందికి తెలుసు. ఆ పాటల్ని రికార్డు చేయించిన నిర్మాతల పేర్లు తెలిసినవారు తక్కువ. మన గిరిజన యువత తెలుసుకోవలసిన పాఠం మాత్రం వాళ్ల దగ్గరే ఉంది.

1950లలో కింగ్‌స్టన్ పేదలకు ఇంట్లో రికార్డు ప్లేయరు కొనుక్కునే స్తోమత లేదు. అందుకని కొందరు వ్యాపారులు ఖాళీ స్థలాల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి, అమెరికా రికార్డులు వేసి, డబ్బు తీసుకుని డాన్సులు నడిపేవారు. వీటిని సౌండ్ సిస్టమ్ అనేవారు. మన జాతరల్లో డీజే బాక్సులు చూసినవారికి ఆ సందడి ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. ఈ రంగంలో క్లెమెంట్ కాక్సన్ డాడ్‌కూ, పోలీసు ఉద్యోగం మానేసి వచ్చిన డ్యూక్ రీడ్‌కూ గట్టి పోటీ. జనం కోరే తరహా అమెరికా పాటలు దొరకడం తగ్గేసరికి ఇద్దరూ స్థానిక గాయకులతో సొంతంగా రికార్డులు చేయించడం మొదలుపెట్టారు. డాడ్ 1963లో స్టూడియో వన్ తెరిచాడు. ఆదివారం వస్తే పాడాలని వచ్చిన కుర్రాళ్లు దాని ముందు వరస కట్టేవారు.

చైనా సంతతికి చెందిన లెస్లీ కాంగ్ అన్నదమ్ములతో కలిసి ఐస్‌క్రీం, రికార్డుల దుకాణం నడిపేవాడు. జిమ్మీ క్లిఫ్ అనే కుర్రాడు ఆ దుకాణానికే వెళ్లి పాట పాడి, అతన్ని నిర్మాతగా మార్చాడు. బాబ్ మార్లీ మొదటి రికార్డు 1962లో తీసింది కాంగే. అతను నిర్మించిన డెస్మండ్ డెక్కర్ పాట ‘ఇజ్రాయెలైట్స్’ 1969లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

ఇంతకీ నిర్మాత చేసే పనేమిటి? స్టూడియో అద్దె కట్టాలి. వాయించేవారికి కూలి ఇవ్వాలి. రికార్డులు అచ్చు వేయించి దుకాణాలకు చేర్చాలి. పాట ఆడకపోతే నష్టమూ అతనిదే. అందుకు బదులుగా టేపు అతని దగ్గర ఉండేది. పాడినవారికి చాలాసార్లు ఒక్కసారి ఇచ్చే కొద్ది మొత్తమే దక్కేది. అదే వాద్య సంగీతం మీద తరువాత ఇంకొకరిచేత పాడించినా, మాట్లాడించినా మొదటివారికి పైసా వచ్చేది కాదు. జమైకాలో కొత్త కాపీరైట్ చట్టం 1993లో గానీ అమలుకు రాలేదు. తప్పంతా నిర్మాతలదే అనలేం. వాళ్లు డబ్బు పెట్టకపోతే ఆ గొంతులు వీధి దాటేవి కావు. అయితే కాగితం ఎవరి చేతిలో ఉంటే పాట వారిదైపోయింది.

ఆ మగవాళ్ల మధ్యకు సోనియా పాటింజర్ అనే మహిళ వచ్చింది. 1965లో కింగ్‌స్టన్‌లోని ఆరెంజ్ స్ట్రీట్‌లో ‘టిప్ టాప్’ అనే రికార్డుల దుకాణం తెరిచింది. జో వైట్, చక్ పాడిన ‘ఎవ్రీ నైట్’తో నిర్మాతగా నిలదొక్కుకుంది. మెలోడియన్స్, ఇథియోపియన్స్ వంటి బృందాలతో పనిచేసింది. 1970లలో డ్యూక్ రీడ్ సంస్థ ట్రెజర్ ఐల్ హక్కుల్ని తీసుకుంది. 1978లో కల్చర్ బృందంతో ‘హార్డర్ దాన్ ద రెస్ట్’, మార్సియా గ్రిఫిత్స్‌తో ‘నాచురల్లీ’ ఆల్బమ్‌లు చేసింది. ట్రెజర్ ఐల్ పాటల హక్కుల మీద కోర్టులో ఏళ్ల తరబడి పోరాడింది. 2009లో తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. మరుసటి ఏడాదే ఆమె కన్నుమూసింది.

ఇక మన సంగతి. సమ్మక్క సారలమ్మల గాథను, కోయల వంశచరిత్రలను నోటితో నిలిపిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. అలాంటి పెద్దలు వెళ్లిపోయాక, శిష్యుల నోటిలోనో రికార్డులోనో ఉన్నంతవరకే వారి పాట మనకు మిగులుతుంది. ఈ రోజు రికార్డు చేయడానికి స్టూడియో అక్కర్లేదు, మీ చేతిలో ఫోను ఉంది.

మన దేశపు కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌కు నిర్మాత అంటే దాన్ని తయారుచేయడానికి చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తి. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ఆ రికార్డింగ్ హక్కు 60 ఏళ్లపాటు ఆ వ్యక్తిదే. పాడినవారికీ హక్కులున్నాయి. 1994 సవరణ ప్రదర్శకుల హక్కును తెచ్చింది. ఆ ప్రదర్శన తనదని పేరు చెప్పించుకునే హక్కును 2012 సవరణ చేర్చింది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన థింసాకో కొమ్ము నృత్యానికో వీడియో తీయడానికి ఎవరైనా వస్తే ఆదరించండి. దాన్ని ఎక్కడ పెడతారో, ఎవరి పేరు వేస్తారో, డబ్బు వస్తే ఎవరికి ఎంతో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం చదివి అర్థం చేసుకున్నాకే సంతకం పెట్టండి. మీరే రికార్డు చేస్తుంటే మొదట పెద్దల అనుమతి తీసుకోండి. కొలుపుల్లో పాడేవి కొన్ని బయట వినిపించకూడదని వారంటే ఆ మాట పాటించండి. పాట మొదలయ్యే ముందు పాడేవారి పేరు, ఊరు, భాష, తేదీ చెప్పించండి. అసలు ఫైలును రెండు చోట్ల దాచండి.

మనలో గాయకులకు కొదవ లేదు. ఇప్పుడు కావలసింది మనలోంచి వచ్చే నిర్మాతలు. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మమ్మ దగ్గరో తాత దగ్గరో కూర్చుని ఒక్క పాటతో మొదలుపెట్టండి.

— హాస్టల్ వార్డెన్, ఐ.పోలవరం