దివాలాలో నష్టం ఎవరి వాటా? జాక్సన్–వారెన్ వాదం, మన 53వ సెక్షన్

తెలుగునాట ‘ఐపీ పెట్టాడు’ అంటే అందులో చట్టం కన్నా నింద పాలు ఎక్కువ. ఇన్సాల్వెన్సీ పిటిషన్‌కు పొడి అక్షరాలైన ఆ రెండూ ఎగవేతకు మారుపేరైపోయాయి. దివాలాను ఎగవేతగానో, వసూలుగానో తప్ప మరోలా చూడలేని ఈ అలవాటు 2016 నాటి దివాలా కోడ్‌పై చర్చలోకీ పాకింది.

కోడ్ కింద దేశంలో మొదట ఆమోదం పొందిన పరిష్కార ప్రణాళిక విశాఖపట్నంలోని సినర్జీస్ డూరే ఆటోమోటివ్‌ది. కార్లకు అల్లాయ్ చక్రాలు చేసే కంపెనీ అది. 2017 ఆగస్టులో జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) హైదరాబాద్ బెంచి ప్రణాళికను ఖరారు చేసింది. క్లెయిములు సుమారు 972 కోట్ల రూపాయలు, దక్కేది సుమారు 54.7 కోట్లు. వందకు ఆరు రూపాయలైనా రాలేదే అన్న విమర్శ వచ్చింది. అయితే కంపెనీని మూసి ఆస్తులు అమ్మితే వచ్చే లిక్విడేషన్ విలువ 8 కోట్ల పైచిలుకే. ఆ లెక్కన వచ్చింది దాదాపు ఏడింతలు. ఏ కొలత సరైనదన్నది దివాలా చట్టం ఎందుకోసమో తేల్చుకున్నాకే తెలుస్తుంది.

అమెరికాలో 1978 నాటి దివాలా కోడ్ తర్వాత సాగిన పేచీ సరిగ్గా దీని మీదే. న్యాయశాస్త్ర ఆచార్యుడు థామస్ జాక్సన్ 1982లో యేల్ లా జర్నల్‌లో ‘రుణదాతల ఒప్పందం’ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. 1986 నాటి పుస్తకంలో దాన్ని చేపల పోలికతో వివరించారు. అందరిదీ అయిన చెరువులో ఎవరికివారు పోటీపడి వల వేస్తే మరుసటి ఏడాదికి చేప మిగలదు. దివాలా చట్టం పని ఆ పోటీని ఆపడం వరకే. దివాలాకు ముందు ఎవరికి ఏ హక్కు, ఏ వరస ఉందో తర్వాతా అదే ఉండాలి.

ఎలిజబెత్ వారెన్ దీన్ని ఒప్పుకోలేదు. ఆమె సెనేటర్ కావడానికి పాతికేళ్ల ముందు మాట ఇది. 1987లో యూనివర్సిటీ ఆఫ్ షికాగో లా రివ్యూలో ఆమె వాదన: కంపెనీ కూలితే నష్టం ఎవరో ఒకరు మోయక తప్పదు, దాన్ని పంచడమే ఈ చట్టం అసలు పని. వేరే పని నేర్చుకునే వయసు దాటిన ఉద్యోగి, ఆ కంపెనీనే నమ్ముకున్న సరఫరాదారు కూడా లెక్కలోకి రావాలి. అదే సంపుటిలో జాక్సన్ పక్షాన డగ్లస్ బేర్డ్ బదులిచ్చారు. కార్మికుణ్ణి కాపాడే నియమం మంచిదైతే దివాలా బయటా ఉండాలి. లోపల మాత్రమే ఉంటే లాభపడేవాళ్లు పనిగట్టుకుని దివాలా కోర్టుకే పరుగెడతారు. బేర్డ్ తర్కం పదునైనదే. కానీ నష్టం మోయగల శక్తి అందరికీ ఒకటి కాదన్న వారెన్ మాటకు అందులో జవాబు లేదు.

మన దేశంలో ఈ వాదం విచిత్రమైన మలుపు తిరిగింది. 2019 జనవరిలో స్విస్ రిబ్బన్స్ తీర్పులో సుప్రీంకోర్టు, కోడ్ కేవలం వసూలు చట్టం కాదని, కంపెనీని బతికించడమే ప్రధానమని చెప్పింది. వినడానికి వారెన్ గొంతే. కానీ పంపకం రాసింది కోడ్‌లోని 53వ సెక్షన్. కార్మికులకు 24 నెలల బకాయిల మేరకు తాకట్టు ఉన్న రుణదాతలతో సమాన స్థానం ఇచ్చి, ఆ మేరకు వారెన్ వైపే మొగ్గింది. ఇబ్బంది దాని కింద ఉంది. తాకట్టు లేకుండా అప్పిచ్చిన బ్యాంకు వంటి ఆర్థిక రుణదాతది నాలుగో మెట్టు. సరుకు అరువిచ్చిన సరఫరాదారు ఆరో మెట్టున ‘మిగిలిన అప్పుల’లో కలిసిపోతాడు. దివాలా బయట వీళ్లిద్దరూ తాకట్టు లేనివాళ్లే, సమానులే. వరస మారింది కాబట్టి జాక్సన్ ఒప్పుకోరు; భారం బలహీనుడి మీదికి జరిగింది కాబట్టి వారెన్ కూడా ఒప్పుకోరు. స్విస్ రిబ్బన్స్ మాత్రం ఈ తేడాను సమర్థించింది.

ఎస్సార్ స్టీల్ కేసులో దీని ఫలితం బయటపడింది. 2019 జులైలో అప్పిలేట్ ట్రైబ్యునల్ ఆర్థిక రుణదాతలకూ, సరఫరాదారుల వంటి నిర్వహణ రుణదాతలకూ క్లెయిముల్లో దాదాపు 60.7 శాతం చొప్పున పంచింది. నవంబరు 15న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, పంపకాన్ని రుణదాతల కమిటీ వ్యాపార విజ్ఞతకు వదిలింది. కమిటీలో ఓటు మామూలుగా ఆర్థిక రుణదాతలదే. ఈలోగా ఆగస్టులో కోడ్‌కు వచ్చిన సవరణ నిర్వహణ రుణదాతలకు ఒక కనీస మొత్తం ఖాయం చేసింది: లిక్విడేషన్‌లో వచ్చేదో, ప్రణాళిక సొమ్మును 53వ సెక్షన్ వరసలో పంచితే వచ్చేదో, ఏది ఎక్కువైతే అది. పై మెట్ల బాకీలే తీరనప్పుడు ఈ రెండు లెక్కల్లోనూ సరఫరాదారుకు వచ్చేది సున్నా.