క్రాంకు, పిస్టన్ల మార్పు: పాత లారీ ఇంజన్ల సీసీ పెంపు

పాత లారీ ఇంజన్ బ్లాకులో ఎక్కువ స్ట్రోకు ఉన్న క్రాంక్‌షాఫ్ట్, వెడల్పాటి పిస్టన్లు వేసి దాని సీసీ పెంచే పని ఇది. సిలిండరు వ్యాసం బోరు. పిస్టన్ కిందికీ పైకీ నడిచే దూరం స్ట్రోకు.

బోయినపల్లి, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు పాత టాటా లారీ నడిపినవాళ్లకు 692, 697 అనే ఇంజన్ అంకెలు కొత్తేం కావు. మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, తర్వాతి రెండూ మిల్లీమీటర్లలో బోరు. 692లో స్ట్రోకు 120 మి.మీ., 697లో 128. సీసీ 4,788 నుంచి 5,675కు పెరిగింది. ఆ 887 సీసీలో బోరు వాటా సుమారు 530, మిగతాది క్రాంకు చలవ. 1954లో డైమ్లర్-బెంజ్ ఒప్పందంతో జంషెడ్‌పూర్‌లో మొదలైన వంశం ఇది. అయితే ఈ పెంపు ఫ్యాక్టరీలో జరిగింది.

షెడ్డులో చేసిన పనికి ఉదాహరణ అమెరికా జీఎంసీ కంపెనీ ఇంజన్లు. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం లీడో రోడ్డు మీద కూడా తిరిగిన ఆ కంపెనీ సీసీకేడబ్ల్యూ లారీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలోది 270 ఘనపు అంగుళాల ఇంజన్. దాని క్రాంకు, రాడ్లు, పిస్టన్లు సెట్టుగా తీసి జీఎంసీదే చిన్నదైన 248 బ్లాకుకు, బోరు కాస్త పెంచి, ఎక్కించేవారు. స్ట్రోకు 96.8 నుంచి 101.6 మి.మీ. అవుతుంది.

చిక్కంతా ఇక్కడే. స్ట్రోకు 4.8 మి.మీ. పెరిగితే పిస్టన్ పైన 2.4 మి.మీ. ఎక్కువ లేస్తుంది, పాత పిస్టనే ఉంచితే హెడ్డుకో వాల్వుకో తగలొచ్చు. అందుకే పిన్ను రంధ్రం ఆ మేరకు పైకి జరిగిన పిస్టన్ కావాలి, లేదా రాడ్డు పొట్టిదవ్వాలి. పేరు క్రాంకుది, అసలు పని పిస్టన్‌ది! మెకానిక్ పిస్టన్ నెత్తిన మెత్తటి మట్టి ముద్ద పెట్టి, హెడ్డు బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పుతాడు. మళ్లీ ఇప్పి, మట్టి ఎంత పలచబడిందో కొలుస్తాడు. కింద రాడ్డు కామ్‌షాఫ్టుకు రాసుకుంటుందేమో కూడా చూడాలి.

డీజిల్ ఇంజనైతే ఇంధన పంపు, నాజిళ్లు సరిచేయకుండా సీసీ పెంచి లాభం లేదు.

మన దేశంలో బండి సీసీ ఆర్సీలో నమోదై ఉంటుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఇంజన్ ఇప్పేముందే రవాణా కార్యాలయంలో అడగండి.